సంతకం ఇద్దరిదీ
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన బడి పిల్లలు, ఇప్పుడు వాళ్ళ పిల్లలు కూడా, పెళ్ళయిన కొత్తలో ఉద్యోగం కోసం అమెరికా వెళుతున్నారు. సూట్‌కేసు బరువు గురించి, ఆవకాయ గురించి అందరూ చెబుతారు. నేను మొదటి ఏడాది పన్ను రిటర్ను గురించి చెబుతాను.

మేము 2016 మే నెలలో వెళ్ళాం. ఆయనకు హెచ్-1బి, నాకు హెచ్-4. మన దేశంలో ఎవరి పాన్ వారిది, ఎవరి రిటర్ను వారిది. అక్కడ భార్యాభర్తలు కలిపి ఒకే రిటర్ను వేయవచ్చు. ఏడాది మధ్యలో దిగినవాళ్ళకు సాధారణంగా రెండు దారులుంటాయి.

మొదటిది, ఎవరిది వారు విడిగా వేయడం. అప్పుడు అమెరికా చేరకముందు ఇండియాలో సంపాదించిన దాని మీద అక్కడ పన్ను ఉండదు. కానీ స్టాండర్డ్ డిడక్షన్ మామూలుగా దొరకదు. రెండోది, ఏడాది పొడుగునా అక్కడి నివాసులుగానే లెక్కించమని ఇద్దరూ సంతకం చేసిన కాగితం జతచేసి, కలిపి వేయడం. అప్పుడు ఆ డిడక్షన్ వస్తుంది. 2024 సంవత్సరానికి అది జంటకు 29,200 డాలర్లు. బదులుగా జనవరి నుంచి ఇండియాలో వచ్చిన జీతం, వడ్డీ అన్నీ చూపాలి. ఇక్కడ కట్టిన పన్నుకు కొంత పరిహారం అడగవచ్చు. ఏది లాభమో రెండు రకాలుగానూ లెక్క వేసి చూస్తేనే తెలుస్తుంది. జులై తర్వాత దిగినవాళ్ళకు రోజుల లెక్కే వేరు. వాళ్ళు గడువు పొడిగించుకోవలసి రావచ్చు.

మేము కలిపి వేశాం. నాకు సోషల్ సెక్యూరిటీ నంబరు రాదు కనుక రిటర్నుతోపాటే ఐటిన్‌కు దరఖాస్తు పెట్టాం. "ఇండియాలో ఏమైనా ఉన్నాయా?" అని రిటర్ను రాసేవాయన అడిగితే మావారు లేవన్నారు. నేను చూపించిన చోట సంతకం పెట్టాను. మా నాన్న నా పేరున వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్లు ఆయనకు గుర్తులేవు. నాకు గుర్తున్నాయిగానీ, అవి చెప్పాలని తెలియదు.

మూడేళ్ళ తర్వాత రిటర్ను మేమే రాసుకుంటుంటే "విదేశీ ఖాతాలున్నాయా?" అన్న ప్రశ్న కనబడింది. పాత రిటర్నులు తీసి చూస్తే అన్నిటా "లేవు" అనే ఉంది, కింద నా సంతకం. ఇండియా ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే విడిగా ఎఫ్‌బార్ కూడా ఇవ్వాలట. రిటర్నులు సవరించాం, పన్ను వడ్డీతో కట్టాం. డబ్బు పెద్దదేం కాదు. నిద్ర లేని రాత్రులే ఎక్కువ.

అమ్మాయిలూ, ఒక్క మాట. కలిపి వేసిన రిటర్నులో పన్ను మొత్తానికీ ఇద్దరిలో ప్రతి ఒక్కరూ బాధ్యులే. జీతం ఆయనదే అయినా సరే, తర్వాత విడిపోయినా సరే. "ఆయన చూసుకుంటారు" అన్నది అక్కడ జవాబు కాదు. అబ్బాయిలూ, "నీకెందుకులే" అనకండి.

పేపరు ఇచ్చేముందు మొదటినుంచీ ఒకసారి చదువుకోమని మన లెక్కల మాస్టారు ప్రతి పరీక్షకూ చెప్పేవారు. ఆ మాట నేను మరిచిపోయిన ఒక్కసారీ అదే. మీరు మరిచిపోకండి. ఇద్దరూ కూర్చుని చదివాకే సంతకం పెట్టండి.

సెలవు.