పద్యానికి బొమ్మ, చరిత్రకు బొమ్మ

(సెమిలిగుడలో ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



బాలసాహిత్యం గురించి నాలుగు మాటలు చెప్పమని నన్ను ఆజ్ఞాపించారు. బాలసాహిత్యమంటే సముద్రం. అందులోనుంచి రెండు దోసిళ్ళు మాత్రమే తీసుకుంటాను. ఒకటి, బొమ్మలతో అచ్చయ్యే పద్యాల పుస్తకాలు. రెండవది, బొమ్మలతో వచ్చే జీవితచరిత్రలు. తెలుగునాటికి వెలుపల పెరుగుతున్న మన పిల్లలకు ఈ రెంటితోనే ఎక్కువ పని వున్నదని నా నమ్మకం.

మన సంగతే చూడండి. సాలూరు ఘాటీ ఎక్కి వచ్చి ఈ ఊళ్ళో దుకాణాలు పెట్టుకున్నవారు మనలో వున్నారు. 1960 తరువాత సునాబెడలో విమానపు ఇంజన్ల కర్మాగారం, దాని వెనుక దామన్‌జోడిలో అల్యూమినా కర్మాగారం రాగా, ఉద్యోగాలకని వచ్చినవారున్నారు. అంతకు ముందే, 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు ఈ సీమ విశాఖపట్నం జిల్లాలో వుండగా స్థిరపడిన కుటుంబాలూ వున్నవి. ఎప్పుడు వచ్చినా ఇప్పుడు అందరి ఇళ్ళలోనూ ఒకటే పరిస్థితి. పిల్లవాడు బడిలో ఒడియా, ఇంగ్లీషు, హిందీ చదువుతాడు. ఇంటికి వచ్చి అమ్మతో తెలుగు మాట్లాడతాడు. తెలుగు వాడి చెవిలో వున్నది, నాలుక మీద వున్నది; కంటికి మాత్రం అందలేదు.

ఒక చిన్న ఉదాహరణ చెబుతాను. ఒడియా అక్షరాలు దిద్దిన పిల్లవాడికి గుండ్రంగా సున్న చుట్టి చూపిస్తే దాన్ని 'ఠ' అంటాడు. ఒడియాలో ఠ అక్షరం అంతే, వట్టి సున్న. మనకు అదే సున్న పూర్ణానుస్వారం. 'పంట' అని వ్రాసి చూపిస్తే వాడు మధ్యనున్న సున్న దగ్గర ఆగి ఠ అని పలికి, అర్థంకాక మన ముఖం చూస్తాడు. ఆ మాట ప్రక్కనే కోసిన వరి పనలూ, కళ్ళంలో కుప్పా బొమ్మగా వున్నవనుకోండి. నోటికి తెలిసిన మాట దానంతట అదే పైకి వస్తుంది, ఆ సున్నకు తెలుగులో విలువేమిటో కన్ను నేర్చుకుంటుంది. మాకు తెలిసిన ఇళ్ళలో ఇది జరగగా చూశాను. కాబట్టి మన పిల్లల పుస్తకంలో బొమ్మను పెళ్ళిపందిట్లో మామిడితోరణం లాగా ఎంచరాదు. అది ఇంటి గుమ్మం. పిల్లవాడు లోపలికి వచ్చేదే దానిగుండా.

ఈ సంగతి పాశ్చాత్యులు చాలాకాలం క్రిందటనే గ్రహించారు. 1658లో నూరెంబర్గు నగరంలో కొమెనియస్ అనే ఉపాధ్యాయుడు పైన బొమ్మ వేసి, క్రింద ఒకే విషయాన్ని లాటిన్‌లోనూ జర్మన్‌లోనూ ప్రక్కప్రక్కన అచ్చువేయించాడు. రెండు భాషల మధ్య పెరిగే బిడ్డకు కావలసిన పుస్తకం మూడున్నర శతాబ్దాల క్రితమే తయారైనదన్నమాట.

ఇక మన పద్యాల పుస్తకాలు. వేమన, సుమతి శతకాలు తెలియని తెలుగువాడు లేడు. బ్రౌనుదొర 1829లోనే వేమన పద్యాలను అచ్చు వేయించాడు. అప్పటినుంచి ఎన్ని అచ్చులు పడినవో లెక్కలేదు. ఆ పుస్తకాలలో చాలావాటిలో బొమ్మ ఒక్కటే. అట్టమీద చెట్టుక్రింద దిసమొలతో కూర్చున్న వేమన. లోపలంతా అక్షరాలే. దీనికి కారణం లేకపోలేదు. మన పద్యం చెవికోసం పుట్టినది. పంతులుగారు చెబితే పిల్లలు వల్లెవేసేవారు, పుస్తకంతో పని తక్కువ. పైగా బొమ్మ కావాలంటే జింకు బ్లాకు చేయించాలి, దానికి డబ్బు. అణాకు అమ్మే శతకానికి బ్లాకులెక్కడ పెడతారు? ఆ రోజులు పోయినవి. ఇప్పుడు బొమ్మ అచ్చువేయడం అంత ఖర్చు కాదు. రంగుల శతకాలు వస్తున్నవి గూడాను. కాని చూసినవారికి తెలుస్తుంది, వాటిలో చాలావాటిలో అట్టమీది వేమనగారే పేజీపేజీకీ దిగివచ్చి, చెయ్యెత్తి ఉపదేశం చేస్తూ వుంటారు. పద్యంలో వున్న వస్తువు బొమ్మలో కనిపించదు.

ఉప్పునూ కర్పూరాన్నీ పోల్చిన పద్యం అందరికీ తెలిసినదే. పిల్లవాడికి అక్కడ కావలసినది రెండు తెల్లని కుప్పలు. ఒకటి నాలుకకు, ఒకటి హారతి పళ్ళేనికి. కర్పూరం చూసి ఎరుగని పిల్లలు కూడా ఇప్పుడున్నారు. బొమ్మ వుంటే అడుగుతారు, అమ్మ దేవుడి గూట్లోనుంచి తీసి చూపిస్తుంది. పద్యం ఇంట్లోకి వచ్చినట్టే.

ఇంకొక పద్యం వున్నది. పాదరక్షలో చిక్కిన గులకరాయి, చెవి దగ్గర రొదచేసే ఈగ, కంటిలో పడ్డ రేణువు, అరికాలిలో దిగిన ముల్లు, వీటన్నిటి తరువాత ఇంట్లో జగడం. మొదటి నాలుగూ ఎవరైనా వేస్తారు. అయిదవది ఎలా వేయడం? ఈ మాట మా వీధిలో పిల్లలను అడిగి చూశాను. చాలామంది జుట్లు పట్టుకున్న మనుషులను వేశారు. ఒక చిన్నపిల్ల మాత్రం రెండు పీటలు చెరొక గోడవైపు తిప్పి వేసి, మధ్యలో ముట్టని అన్నం పళ్ళెం పెట్టింది. నేను ఆ పిల్లకు పద్యం మళ్ళీ వివరించవలసిన పని లేకపోయింది. వయసు తొమ్మిదేళ్ళు.

మన పొరుగున బెంగాలీలు ఈ విద్యలో ముందున్నారు. సుకుమార్ రాయ్ తన పిల్లల కవితలకు తానే బొమ్మలు వేశాడు. 'ఆబోల్ తాబోల్' 1923లో, ఆయన కన్నుమూసిన కొద్దిరోజులకే వెలువడింది. 1930లో వచ్చిన టాగోరు 'సహజ్ పాఠ్'కు నందలాల్ బోసు బొమ్మలు వేశాడు. అవి లినోలియం ముక్కల మీద చెక్కి, ఒక్క నల్లరంగుతో అచ్చువేసిన బొమ్మలు. రంగులు లేవు, నిగనిగలాడే కాగితం లేదు. ఆనాటి పిల్లల మనుమలు కూడా ఆ బొమ్మలతోనే అక్షరాలు నేర్చుకున్నారు. డబ్బు లేదని చేతులు ముడుచుకొనే మనబోటి సంఘాలు ఈ సంగతి గుర్తుపెట్టుకోదగినది.

మనవారు మాత్రం తక్కువ తినలేదు. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావుగారు 1945లో మద్రాసునుంచి 'బాల' పత్రిక నడిపించారు. ఆయన పుట్టినది ఎక్కడో కాదు, మన ఒరిస్సాలోనే, బరంపురంలో. బాపు, ముళ్ళపూడి వెంకటరమణలు పిల్లలుగా ఆ పత్రికలోనే తమ పేర్లు మొదట అచ్చులో చూసుకున్నారు. సంచిక చేతికి వచ్చినప్పుడు వాళ్ళ సంబరం ఎంతటిదో వూహించుకోండి! తరువాత 1947 జులైలో 'చందమామ' వచ్చింది. శ్రీకాకుళంలో పుట్టిన వడ్డాది పాపయ్యగారు దాని అట్టమీద వేసిన బొమ్మలకోసమే కొన్నవారున్నారు. ఇప్పుడా పత్రిక రావడం లేదు. కాని మనకు పనికివచ్చే విశేషం ఒకటి అందులో వున్నది. చందమామ అనేక భాషలలో వచ్చేది, ఒడియాలో దాని పేరు 'జహ్నమాము'. అవే బొమ్మలు, క్రింద అక్షరాలు మాత్రం వేరు. మన వీధిలో ఒక ఇంట్లో తెలుగు సంచిక, ఎదురింట్లో ఒడియా సంచిక వుంటే, ఆ రెండు ఇళ్ళ పిల్లలూ ఒకే రాక్షసుణ్ణి చూసి ఒకేసారి జడుసుకొనేవారు.

ఇంతవరకు పద్యం. ఇక చరిత్రలు.

తెలుగులో జీవితచరిత్రలకు లోటు లేదు. 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మొదలైనవారు హైదరాబాదులో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి స్థాపిస్తే, దాని మొదటి పుస్తకమే జీవితచరిత్ర: గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు వ్రాసిన అబ్రహాం లింకను. కట్టెలు కొట్టిన కుఱ్ఱవాడు దేశాధ్యక్షుడైన కథ ముందు చెప్పాలనుకున్నారు ఆ పెద్దలు. ఎన్నికలో ఎంత ఆలోచన వున్నదో చూడండి.

ఇవాళ పిల్లలకని అమ్మే చరిత్రలలో ఆ ఆలోచన తరచు కనబడదు. ఫలానా సంవత్సరంలో ఫలానా పుణ్యదంపతులకు జన్మించెను, చిన్నతనమునుండి తెలివిగలవాడు, ఫలానా బిరుదు పొందెను, పరమపదించెను. పేరు తీసివేస్తే ఎవరిదో చెప్పలేము. బొమ్మ సంగతి సరేసరి. దండ వేసిన ఛాయాపటం. 1967లో మొదలైన 'అమర చిత్రకథ'లు వచ్చి ఈ నిద్ర కొంత వదలగొట్టినవి. వాటిలోనూ వీరులందరికీ ఒకే కండలు, ఒకే ముక్కు అని నా ఫిర్యాదు. అయినా పిల్లవాడు పుస్తకం వదలకుండా చదువుతాడు, ఎందుకంటే అక్కడ మనిషి ఏదో ఒక పని చేస్తూ కనబడతాడు.

పని చేసే మనిషి కావాలంటే మనం దూరం పోనక్కరలేదు. గిడుగు రామమూర్తి పంతులుగారిని తీసుకోండి. ప్రతి ఆగస్టు 29న తెలుగు భాషాదినోత్సవమని ఆయన పటానికి దండ వేస్తున్నాము. వ్యావహారిక భాషోద్యమ పితామహుడని పిల్లలచేత పలికిస్తున్నాము. పాపం, పది అక్షరాలకు పైబడిన ఆ సమాసం పలకలేక వాళ్ళు పడే అవస్థ చూస్తే ఆయనే నవ్వుకొనేవారు! ఆయన జీవితం బొమ్మలుగా ఎలా వుంటుందో కొంచెం ఆలోచించండి.

1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో పదిహేడేళ్ళ ఉపాధ్యాయుడు. చుట్టూ కొండలు, ఆ కొండల్లో సవరలు. వాళ్ళ మాట ఎవరికీ తెలియదు, దానికి వ్రాత లేదు, పుస్తకం లేదు. ఆయన తెలుగు తెలిసిన ఒక సవరను ఇంట్లోనే పెట్టుకొని, అతడి దగ్గర పాఠం చెప్పించుకుంటాడు. పంతులు శిష్యుడు, కొండమనిషి గురువు. ఇది ఒక బొమ్మ. సవరభాషలో పాఠపుస్తకాలు తయారుచేసి, సొంత డబ్బుతో సవర పిల్లలకు బడి పెడతాడు. ఇది రెండవ బొమ్మ. అడవుల్లో తిరగడంచేత జ్వరం పట్టుకుంటుంది, క్వినైను మింగుతాడు, దానితో వినికిడి పోతుంది. భాషను చెవితో పట్టుకొనేవాడికి చెవుడు! ఇది వేయగల చిత్రకారుడెవరో గాని, వేస్తే ఏ బిడ్డా మరచిపోదు. మద్రాసు ప్రభుత్వం వేయి రూపాయలు బహుమానం ఇవ్వబోతే, ఆ డబ్బుతో సవరలకు మంచి బడి పెట్టించండి అంటాడు. 1931లో సవరభాషా వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చయినవి. నడుమ 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలియగా, అర్ధశతాబ్దికి పైగా వున్న ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్ళిపోతాడు. మూటాముల్లెతో బయలుదేరుతున్న డెబ్భయి దాటిన వృద్ధుడి బొమ్మ మన ఇళ్ళలో పిల్లవాడికి చూపిస్తే, మనం ఇక్కడికి ఎందుకు వచ్చామని వాడు తప్పక అడుగుతాడు. అడగాలి గూడాను.

గుణుపురం కొండల్లో సవరలు నేటికీ వున్నారు. అది ఇప్పుడు రాయగడ జిల్లా, 1992 వరకు మన కొరాపుట్టే. గిడుగువారి కథ తెలుగువాడి కథ మాత్రమే కాదని అందుకే అంటున్నాను.

ఇంకొక జత వున్నది. మన పిల్లలకు అల్లూరి సీతారామరాజు తెలుసు, సినిమా పుణ్యమా అని బాగానే తెలుసు. 1922 ఆగస్టులో వరుసగా మూడు రోజులు మూడు పోలీసు ఠాణాలమీద పడ్డ వీరుడు, 1924 మే 7న తుపాకి గుండ్లకు బలి అయినాడు. మరి లక్ష్మణ నాయక్? ఈ కొరాపుట్ జిల్లావాడే, తెంతులిగుమ్మ గ్రామం. 1942 ఆగస్టు 21న మాథిలి ఠాణా ముందుకు జనాన్ని నడిపించినవాడు. 1943 మార్చి 29న బరంపురం జైలులో ఉరితీశారు. ఇద్దరి మధ్యా ఇరవై ఏళ్ళు, ఒకే కొండల వరుస. మన పిల్లవాడు ఒకరి పేరే ఎరుగును, ప్రక్క బల్లమీది ఒడియా పిల్లవాడు రెండవవారి పేరే ఎరుగును. ఇద్దరినీ ఒకే అట్టలో పెట్టిన బొమ్మల పుస్తకం నా కంటబడలేదు. తెలుగులోనూ ఒడియాలోనూ గ్రంథాలు వ్రాసిన జయపురం మహారాజా విక్రమదేవవర్మగారి (1869-1951) పేరు విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు విజ్ఞానశాస్త్ర కళాశాలకు పెట్టుకున్నాము. జయపురం దారిలో రోజూ బస్సుల్లో తిరిగే మన పిల్లలకు ఆయన బొమ్మ చూపితే ఎవరని అడుగుతారు.

ఫోనులో కదిలే బొమ్మలే వుండగా కాగితం బొమ్మలెందుకని కొందరు మిత్రులు ఆక్షేపిస్తారు. వున్నవి, కాదనను. పాటలు పాడతవి, గంతులు వేస్తవి. కాని అవి బిడ్డకోసం ఆగవు. సున్న దగ్గర ఆగిపోయిన పిల్లవాడికి, తానూ ఆగి వుండే బొమ్మ కావాలి. పైగా ఆ పాటలలో గుణుపురం కొండలు లేవు.

అందుచేత కార్యవర్గంవారికి నా మనవి ఒకటి. వచ్చే ఉగాదికి మన సంఘం తరఫున ఒక చిన్న పుస్తకం వేద్దాము. పదహారు పేజీలు చాలు. సగం పేజీలకు ఎనిమిది పద్యాలు, పేజీకొకటి, వస్తువు బొమ్మతో. మిగిలిన సగానికి గిడుగువారి కథ ఎనిమిది బొమ్మలలో. బొమ్మ క్రింద తెలుగు పెద్ద అక్షరాలలో, దాని క్రింద ఒడియా చిన్న అక్షరాలలో. అప్పుడు ఎదురింటి పిల్లలు గూడా చదువుకుంటారు, మనవాళ్ళకు తెలియని అక్షరం తెలిసిన అక్షరం సాయంతో పట్టుబడుతుంది. బాగుంటే రెండవ ఏడు సీతారామరాజు, లక్ష్మణ నాయక్‌ల జంట పుస్తకం. రంగులు వద్దు. బడిలో డ్రాయింగు మాస్టర్లు మనలో ఇద్దరు వున్నారు. లినోలియం, ఉలులు విశాఖపట్నంనుంచి తెప్పిస్తే తాము చెక్కుతామని ఒప్పుకున్నారు. ఒడియా పాఠం దిద్దిపెట్టడానికి బడిపంతులుగారు ఒకరు సిద్ధంగా వున్నారు. రాత్రి పాటకచేరీకి అయ్యే ఖర్చులో నాలుగవ వంతు దీనికి విడదీస్తే సరిపోతుందని కోశాధికారిగారి అంచనా. వారు ఇక్కడే వున్నారు, కాదంటే లేచి చెప్పవచ్చు.

అయిదవ కష్టం వున్న పద్యానికి మాత్రం బొమ్మ కొత్తగా వేయించవద్దని కోరుతున్నాను. ఆ రెండు పీటల బొమ్మ నా దగ్గర భద్రంగా వున్నది.