కొఱడా దెబ్బకు జుల్మానా



ఏబది యేండ్ల క్రిందటి మాట. మా యూరి తిరునాళ్లలో బండలాగుడు పోటీ జరుగుచుండెను. నేనప్పటికి పదిపండ్రెండేండ్ల బాలుడను. మా తాతగారు పోటీకి పెద్దలుగా కూర్చున్న నలుగురిలో ఒకరు. ఒక యువకుడు తన యెడ్లజతను బండకు కట్టి, మొదటినుండి తుదివఱకు చర్నాకోలతో బాదుచునే యుండెను. గడువు ముగియునప్పటికి ఆ జత తక్కిన జతలన్నిటికంటె నలువది యడుగుల దూర మెక్కువ లాగెను. కాడి దింపి చూడగా వలపటి యెద్దు వీపున వాతలు తేలి, రెండుచోట్ల నెత్తురు కాఱుచుండెను. పెద్దలు తమలో తాము మాటలాడుకొని, మితిమీఱి కొట్టినందులకు 25 రూపాయలు జుల్మానా విధించిరి. మొదటి బహుమానము 1,116 రూపాయలు. ఆ యువకుడు బహుమానపు సొమ్ములోనుండియే 25 రూపాయలు లెక్కపెట్టి బల్లమీద నుంచి, నవ్వుచు వెడలిపోయెను. జనులు చప్పట్లు కొట్టిరి. ఇంటికి వచ్చు త్రోవలో మా తాతగారు ఒక్కమాట యనిరి: "మనము వానిని దండింపలేదురా అబ్బాయీ, ఆ దెబ్బలను వానికి 25 రూపాయలకు అమ్మితిమి."

ఆ మాట చాలకాలము నా మనస్సున మఱుగుపడియుండెను. ఇటీవల అన్యదేశములందలి బండిగుఱ్ఱపు పందెములను గూర్చి చదువుచుండగా అది మరల జ్ఞప్తికి వచ్చినది. ఆ పందెముల పెద్దలకును మా తాతగారి చిక్కే కలిగినది. వారు దానిని విప్పుకొన్న తెఱగును మీకు విన్నవించుటకే యీ ప్రసంగము.

గుఱ్ఱపు పందెమనగానే జీనుపై కూర్చుండి దౌడు తీయించు స్వారీదారుడు మనకు తోచును. బండిగుఱ్ఱపు పందెము వేఱు. ఇందు గుఱ్ఱము వెనుక సల్కీ యను రెండు చక్రముల తేలికబండిని కట్టుదురు. గూడును, పలకలును తీసివేసి, చక్రములును, పోలుగఱ్ఱలును, చిన్న పీటయు మాత్రము మిగిల్చిన జట్కాను ఊహించుకొనుడు. తోలువాడు గుఱ్ఱము తోకకు చేరువగా, కాళ్లు చాచి కూర్చుండును. అమెరికా, కెనడా, ఫ్రాన్సు, స్వీడను, ఆస్ట్రేలియా, న్యూజీలాండు దేశములలో ఈ పందెములకు గొప్ప ప్రచారము కలదు. అమెరికావారు ఇందుకై యొక జాతి గుఱ్ఱములనే పెంపొందించిరి. మైలు దూరమును 2 నిమిషముల 30 సెకండ్లలో పరుగిడుటయే ప్రమాణమని 1879లో నిర్ణయించినందున, ఆ జాతికి స్టాండర్డ్‌బ్రెడ్ అను పేరు వచ్చినది. ఆ జాతి గుఱ్ఱమే యొకటి 2022లో న్యూజెర్సీ రాష్ట్రమందలి మెడోలాండ్సు మైదానమున ఆ మైలును 1 నిమిషము 46 సెకండ్ల లోపుననే ముగించెను.

ఈ పందెమునకు ముఖ్యమైన కట్టుబాటు గుఱ్ఱము దౌడు తీయరాదనుట. కొన్ని గుఱ్ఱములు ఒక ముందుకాలును, దానికి మూలగానున్న వెనుకకాలును కలిపి యెత్తుచు సాగును. మఱికొన్ని ఒకే ప్రక్కనున్న రెండు కాళ్లను కలిపి యెత్తుచు సాగును. ఏ పందెమునకు ఏ నడక విధించిరో తుదివఱకు గుఱ్ఱము ఆ నడకనే నిలుపుకొనవలయును. బెదరియో తొందరపడియో దౌడులోనికి మాఱినచో, తోలువాడు పగ్గములు బిగించి దానిని మరల తన నడకకు తేవలయును. అంతలో తక్కిన బండ్లు దాటిపోవును. కావున దెబ్బ యెక్కువైనచో పందెమే చేజాఱవచ్చును. నేర్పరియైన తోలువాడు చేతి పగ్గమును, నోటి మాటను నమ్ముకొనును.

అట్లయ్యును కడపటి నూఱుగజములలో, ప్రక్కబండి గుఱ్ఱము ముట్టె తన గుఱ్ఱము ముట్టెకు సరిగా వచ్చినపుడు, మనుష్యునకు వివేకము నిలుచుట కష్టము. రెండు పగ్గములను ఒక చేతికి మార్చుకొని, వెనుకకు వాలి, రెండవ చేతిని భుజముపైకెత్తి కొట్టుట తఱచుగా జరుగుచుండెడిది. కొందఱు బండిపోలును కొట్టి చప్పుడు మాత్రము చేయుదురు. మఱికొందఱు పోలుగఱ్ఱల క్రిందనుండి, చూపఱుల కంటబడకుండ కొట్టుదురు. ఇట్లు క్రిందనుండి కొట్టుటను అమెరికా నియమములు నేరముగా నెంచుచున్నవి. చర్మముపై వాత తేలుటయు, తెగుటయు నేరమే.

"గుఱ్ఱము తోలు మందము, దానికి మనకువలె నొప్పి తెలియదు" అని వాదించువారు కలరు. ఎద్దును గూర్చియు ఈ మాటను మన మెన్నిమార్లు వినలేదు? 2020లో ఆస్ట్రేలియా పండితులు గుఱ్ఱము చర్మమును, మనుష్యుని చర్మమును సూక్ష్మదర్శిని క్రింద పోల్చి చూచిరి. గుఱ్ఱము చర్మము మొత్తముమీద మందమే. అయినను నొప్పి నెఱుగు నరముల కొనలుండు పైపొర మనుష్యుని దానికంటె మందముగా లేదు. ఆ కొనల సాంద్రతయందును చెప్పుకొనదగిన భేదము కానరాలేదు. ఈగ వాలినచోటనే చర్మమును అదరించు జంతువునకు కొఱడా తెలియదనుట యెట్లు పొసగును?

ఇక దండన విషయము. బహుకాలము వారు అవలంబించిన పద్ధతి మా యూరి పద్ధతియే. పందెపు న్యాయాధిపతులు తోలువానికి కొన్ని వందల డాలర్ల జుల్మానా విధించెడివారు. నేరము పెద్దదైనచో కొన్నిదినములు బండి తోలరాదని యాజ్ఞాపించెడివారు. గెలుపు మాత్రము గెలుపుగనే నిలిచెడిది. అమెరికాలో తోలువానికి బహుమానపు సొమ్ములో నూటికి 5 వంతు ముట్టుట వాడుక. పదిలక్షల డాలర్ల పందెమున అది 50,000 డాలర్లగును. 50,000 చేతికందుచుండగా కొన్ని వందలు పోవునని వెఱచి కొఱడా దించువాడెవడు? యజమానునికి వచ్చు భాగము అంతకంటె నెన్నియోరెట్లు పెద్దది. జుల్మానా కట్టినవాడు తోలువాడు, లాభమందినవాడు యజమానుడు, దెబ్బలు తిన్నది గుఱ్ఱము. బహుమానముకంటె చిన్నదగు జుల్మానా దెబ్బకు వెల యగునేగాని దండన కానేరదు.

ఈ లోపమును గ్రహించి వేర్వేఱు దేశములవారు వేర్వేఱు త్రోవలు త్రొక్కిరి.

మొదటి త్రోవ చేతిని కట్టుట. కెనడాలోని అంటారియో రాష్ట్రపు పందెముల సంఘము 2009లో ఒక నియమము చేసెను. పందెము సాగినంతసేపు తోలువాడు కుడిచేత నొక పగ్గమును, ఎడమచేత నొక పగ్గమును పట్టుకొనియే యుండవలయును. ఆలోచించి చూడుడు. రెండు చేతులును పగ్గములకు అంకితమైనపుడు భుజము పైకెత్తి కొట్టుట యెట్లు? దెబ్బలు లెక్కపెట్టు పనియే తగ్గినది. చేయి పగ్గమును విడిచెనా లేదా యనునది దూరమునుండి చూచువారికిని కనబడును, వాదమునకు తావులేదు. ఆస్ట్రేలియాలో పందెముల సంఘము 2017 సెప్టెంబరు 1వ తేదీనుండి కొఱడాను పూర్తిగా మాన్పింతుమని 2016 డిసెంబరులో ప్రకటించెను. తోలువారు అభ్యంతరము తెలుపగా ఆ నిషేధమును అమలుపఱుపక, చేతికదలికను కట్టడిచేయు నియమములను బిగించిరి.

రెండవ త్రోవ గెలుపును తీసివేయుట. ఇది స్వారీపందెములలో ఇంగ్లండువారు త్రొక్కినది. అచ్చట 2023నుండి చదునునేల పందెమున 6, కంచెలు దుముకు పందెమున 7 దెబ్బలే హద్దు. హద్దుకంటె నాలుగు గాని అంతకెక్కువ గాని కొట్టినచో ఆ గుఱ్ఱమునకు పందెములో స్థానమే లేకుండ చేయుదురు. అనగా యజమానుని బహుమానమును పోవును. "నా గుఱ్ఱమును కొట్టకుము" అని యజమానుడే స్వారీదారునితో చెప్పు దినము దీనివలన వచ్చినది.

మూడవ త్రోవ కొఱడానే మానుట. నార్వే దేశమువారు పందెపు గుఱ్ఱమును త్వరపెట్టుటకు కొఱడా వాడరాదని 1982లోనే నిర్ణయించిరి. అచ్చట పందెములు మూతపడలేదు.

తోలువారి పక్షమునను ఒక మాట కలదు. దానిని తోసివేయుట న్యాయము కాదు. పదిబండ్లు చక్రమునకు చక్రము రాచుకొనుచు పోవునపుడు ఒక గుఱ్ఱము ప్రక్కకు ఒఱగినచో మనుష్యుల ప్రాణములకే ముప్పు. దానిని సరిదిద్దుటకు చేత నేదేని యుండవలదా యని వారందురు. మఱియు, కొఱడా లేనిచో తోలువాడు మనఃపూర్వకముగా ప్రయత్నించెనో లేదో పందెము కాయువారికి తెలియదని యందురు. మొదటి మాటకు కొంత బలము కలదు. అందుచేతనే పలుచోట్ల కొఱడాను చేతనుంచుకొననిచ్చి, కొట్టుటను మాత్రము కట్టడిచేసిరి. రెండవదానికి 2020లో ప్రకటింపబడిన పరిశోధన యొకటి సమాధానము చెప్పుచున్నది. ఇంగ్లండులో కొఱడా వాడనీయని పందెములను, వాడనిచ్చిన పందెములను కలిపి 126 స్వారీపందెములను పోల్చి చూడగా, గమ్యము చేరు కాలమందు గాని, గుఱ్ఱములు ప్రక్కకు పోవుటయందు గాని, న్యాయాధిపతులకు కలిగిన సందేహములయందు గాని చెప్పుకొనదగిన భేదము కానరాలేదు. అవి స్వారీపందెములే యైనను, దెబ్బలేనిదే పరుగు రాదను నమ్మకమును ప్రశ్నించుటకు అవి చాలును.

పెద్దలారా! ఈ దూరదేశపు ముచ్చట మన కేల యందురేమో. మన దేశమున 1960లో చేసిన జంతుహింసా నివారణ చట్టము మూగజీవమును బాదుటను, శక్తికి మించి తోలుటను నేరమన్నది. మొదటి నేరమునకు దానిలో వ్రాసిన జుల్మానా 10 రూపాయలకు తగ్గక, 50 రూపాయలకు మించనిది. 1965లో చేసిన నియమములు బరువులాగు పశువును తోలుటకు ముల్లుకఱ్ఱ వాడరాదని స్పష్టముగా శాసించినవి. చట్టము మాట సరియే. 50 రూపాయల బరువు మాత్రము ఎద్దు వీపున పడిన దెబ్బ బరువునకు సరితూగదు. కావున మిగిలిన భారము, పోటీలు నడపు గ్రామపెద్దలపైననే పడుచున్నది. రెండుపళ్ల జతయో, నాలుగుపళ్ల జతయో నిర్ణయించువారు మీరే. అడుగులు కొలుచువారు మీరే. బహుమానము చేతికిచ్చువారును మీరే.

మా యూరికి మరల వత్తును. మఱుసటి యేట తాతగారు తక్కిన పెద్దలతో వాదించి, జుల్మానా కట్టుబాటును ఎత్తివేయించిరి. దాని స్థానమున, కాడి దింపిన పిమ్మట నలుగురును ఎడ్లను తడిమి చూడవలెననియు, నెత్తురు చిందిన జత లాగిన దూరమును లెక్కలోనికి తీసికొనరాదనియు నిర్ణయము చేయించిరి. మొట్టమొదట ఆ కట్టుబాటు తగిలినది మా మేనమామగారి జతకే. అది అందఱికంటె నెక్కువ దూరము లాగినది. తాతగారు యెద్దు వీపుపై చేయివేసి, ఆ చేతిని తక్కిన పెద్దలకు చూపి, ఏమియు మాటలాడక కొలతకఱ్ఱను క్రిందనుంచిరి. మా మేనమామగారు రెండేండ్లు మా గడప త్రొక్కలేదు. పండుగలకు మా తల్లి కన్నీరు పెట్టుకొనుచుండెడిది. తాతగారు మాత్రము నిర్ణయమును మార్చుకొనలేదు. మూడవయేట మా మేనమామగారు మరల జతను తెచ్చిరి. ఆ దినమున చర్నాకోలను భుజమునుండి దింపక, పేరుపెట్టి పిలుచుచు ఎడ్లను నడపిరి. రెండవ బహుమానము వచ్చినది. ఆ రాత్రి మా యింటనే భోజనము చేసిరి.

ఆ పిమ్మట మా తిరునాళ్లలో ఎద్దు వీపున నెత్తురు చూచిన జ్ఞాపకము నాకు లేదు. మీ యూళ్ల పోటీలలో నేమి కట్టుబాటు కలదో ఒక్కమాఱు పరిశీలింపుడు. కొట్టినవానికి గెలుపు దక్కుచున్నదా, లేక గెలుపే పోవుచున్నదా యని చూడుడు.

సెలవు.