దుప్పుల లెక్క - గుమాస్తా పద్దు

ఈ పెన్షనర్ల దినోత్సవం నాడు కరువు భత్యం గురించి మాట్లాడడానికి నాకంటే సమర్థులు చాలామంది ఉన్నారు. నేను దుప్పుల గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

2023 వేసవిలో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. అమ్మాయీ అల్లుడూ ఆఫీసులకు వెళ్తే పగలంతా ఇంట్లో గోడలూ నేనూ. పక్కింటాయన లారీ డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు, నా ఈడువాడే. మోకాళ్ల నొప్పులు. శరదృతువులో లైసెన్సు మీద దుప్పి వేటకు వెళ్లడం ఆయనకు చిన్ననాటి నుంచి అలవాటు. మన దేశంలో 1972 చట్టం ప్రకారం అది నేరమని చెప్పాను. నవ్వి, "వేట మాట తర్వాత, ముందు చూడడానికి రా" అని తన ఇంటి వెనక అడవిలోకి తీసుకెళ్లాడు.

అక్కడ చెట్టుకు నడుమెత్తులో ట్రైల్ కెమెరా కట్టి ఉంది. ఎదురుగా వేడి ఒళ్లు కదిలితే తనంతట తానే ఫోటో తీస్తుంది. రాత్రిళ్లు కంటికి కనపడని వెలుగుతో తీస్తుంది కనుక బొమ్మ నలుపు తెలుపుల్లో వస్తుంది. ఎదురెండ పడకుండా ఉత్తరం వైపు తిప్పాలి, ముందున్న గడ్డి కోయాలి. లేకపోతే గాలికి ఊగే ఆకులే వందల ఫోటోలు. నడవలేని మనిషికి ఆ కెమెరాయే కాళ్లు.

జూలైలో మగ దుప్పుల కొమ్ములు ఇంకా పెరుగుతూ, మెత్తని నూగుచర్మం కప్పుకొని ఉంటాయి. కొమ్ముల తీరును బట్టి దేన్ని దానిగా గుర్తుపట్టవచ్చు. ఆయన ఫోటోలు చూసి "నలభై దుప్పులు!" అన్నాడు. ఒకే అర్జీకి పది నకళ్లు వస్తే పది అర్జీలవుతాయా? నేను రిజిస్టరు తెరిచాను. తేదీ, వేళ, మగదా ఆడదా, కొమ్ముల కొనలెన్ని, పిల్లలున్నాయా అని గడులు గీశాను. లెక్క తేలితే మగవి మూడు, ఆడవి నాలుగు, చుక్కల పిల్లలు ఐదు. రిటైరయ్యాక నా చేతిరాత ఒకరికి పనికొచ్చిందని ఎంత సంతోషించానో!

ఎనిమిది కొనల పెద్దది మధ్యాహ్నం ఒంటిగంటకు వస్తోందని రిజిస్టరు చెప్పింది. ఆయన మాటు వేసే చోటు కూడా ఖాయం చేసుకున్నాడు. ఒక రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మధ్యాహ్నం ఒంటిగంట ఫోటో నలుపు తెలుపుల్లో ఎందుకుంది? కెమెరా గడియారం పెట్టింది నేనే. సాయంత్రం ఆరును ఉదయం ఆరుగా పెట్టేశాను! వేళలన్నీ పన్నెండు గంటలు వెనక్కి పోయాయి. కొన్నింటికి తేదీ కూడా మారింది. అది వచ్చేది అర్ధరాత్రి దాటాక, ఒంటిగంటకు. రాత్రి వేట అక్కడ చట్టవిరుద్ధం.

చెప్పకుండా ఊరుకుంటే తిరుగు ప్రయాణం ఇంకో పది రోజుల్లోనే. కానీ సర్వీసు రిజిస్టరులో ఒక్క తేదీ తప్పుపడితే మనిషి ఎన్ని మెట్లు ఎక్కి దిగాలో మనకు తెలియదా? తెల్లవారి వెళ్లి చెప్పాను. ప్రతి పద్దూ ఎర్ర సిరాతో దిద్ది పక్కన పొడి సంతకం పెట్టాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నా మోకాళ్లకు ఇదే చివరి ఏడాదేమో. లేని దానికోసం కూర్చునేవాణ్ణి" అని నా చెయ్యి పట్టుకున్నాడు.

ఆ కెమెరాను సోయా చేను అంచుకు మార్చాం. సెప్టెంబరులో నూగు రాలాక మగవి గుంపు విడిపోతాయి, వేసవి దారులు మారుస్తాయి. కనుక వేసవి లెక్క చివరి లెక్క కాదని ఆయనే నాకు నేర్పాడు.

నవంబరులో ఫోన్ చేశాడు. మూడు ఉదయాలు కూర్చున్నాడట, తుపాకి ఎత్తలేదట. తల్లి దుప్పి, చుక్కలు పోయిన రెండు పిల్లలు దగ్గరగా వచ్చి మేసి పోయాయట. "నీ రిజిస్టరులో రాసుకో" అన్నాడు. రాసుకున్నాను.

మిత్రులారా, మనకు పదవీ విరమణ అయింది. తప్పు దిద్ది సంతకం పెట్టే అలవాటుకు మాత్రం కాలేదు. సెలవు.