ఒక మాసపు చదువు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



గ్రంథాలయమునకు రజతోత్సవము జరుపునపుడు లెక్కలు చదువుట వాడుక. గ్రంథములెన్ని, చందాదారులెందరు, బీరువాలెన్ని అను లెక్కలు ఉండవలసినవే. కాని ఇరువదియైదేండ్ల కృషిఫలమును తెలిసికొనుటకు మరియొక కొలత కలదు. ఒక్క పాఠకుడు ఒక్క మాసములో ఏమి చదివెను, ఆ చదువు వానికేమి మిగిల్చెను అనునదియే ఆ కొలత. అట్టి మాసము నొకదానిని నేడు పరిశీలించుట యుక్తము.

అది కోతలు ముగిసి, ధాన్యము ఇల్లు చేరి, తిరిగి దుక్కులు కట్టుటకు ఇంకను వ్యవధి యున్న వేసవి మాసము. పాఠకుడు వ్యవసాయదారుడు. కథాపుస్తకములు తప్ప వేరొకటి ఎన్నడును ఇంటికి తీసికొని పోయినవాడు కాడు. ఆ మాసము మాత్రము ఒక్కొక్క తెగకు చెందిన గ్రంథమును ఒక్కొక్కటి చొప్పున తీసికొనవలెనని సంకల్పించెను. యాత్రాగ్రంథము, నాటకము, స్వీయచరిత్ర, సాంఘిక చరిత్ర, నవల, ఇదియే వాని వరుస.

మొదటిది ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్ర. వీరాస్వామయ్యగారు చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో దుబాసీగా నుండినవారు. 1830 మే 18వ తేదీన దాదాపు నూరుమంది పరివారముతో బయలుదేరి, కాశీ, గయ, కలకత్తా, జగన్నాథము చూచుకొని 1831 సెప్టెంబరు 3న మరల ఇల్లు చేరిరి. రైలు లేని దినములవి. మజిలీ మజిలీకి త్రోవ ఎట్లున్నది, నీరెట్టిది, దిగుటకు చోటున్నదా, అంగళ్లలో ఏమి దొరకును అను విషయములు వ్రాసి మిత్రులైన కోమలేశ్వరపురపు శ్రీనివాసపిళ్లగారికి పంపుచుండిరి. ఆ మిత్రుని పూనికచేతనే 1838లో ఆ గ్రంథము అచ్చయ్యెను. పుణ్యక్షేత్ర మాహాత్మ్యము దొరకునని తెరచిన పాఠకునకు దానితోబాటు దేశమంతయు దొరకెను. తెలిసిన ఊరి పేరు వచ్చినచోట వాడు ఆగి, ఆ పుటను ఇంటివారికి చదివి వినిపించెను.

రెండవది గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము. 1892లో విజయనగరమున తొలుత ప్రదర్శింపబడి, 1897లో అచ్చుపడి, 1909లో చాలవరకు తిరిగి వ్రాయబడిన నాటకమిది. ఈ గ్రంథము వచ్చిన వారము ఆ యింటి అరుగుపై నవ్వులు వినబడెను. గిరీశము మాటలకు నవ్వని తెలుగువాడు అరుదు. కాని ఆ నవ్వు వెనుక ఒక లెక్క యున్నది. విశాఖపట్టణ మండలములో మూడేండ్ల కాలమున జరిగిన కన్యాశుల్క వివాహములకు విజయనగర మహారాజు పట్టీ వ్రాయింపగా 1034 తేలినవనియు, వధువులలో ఏడాది పసిబిడ్డలు సైతము కలరనియు 1897 నాటి పీఠికలో గురజాడవారు తెలిపిరి. ఈ సంగతి తెలిసిన పిదప పాఠకుడు మరల మొదటి అంకమునుండి చదివెను. ఈసారి నవ్వు వచ్చినచోటనే వానికి గుండె బరువెక్కెను.

మూడవది కందుకూరి వీరేశలింగము పంతులుగారి స్వీయచరిత్రము. నాటకములో గిరీశము వితంతువివాహమును గూర్చి తీయని మాటలు చెప్పును. స్వీయచరిత్రములో ఆ పనిని నిజముగా చేసినవారి అవస్థ కనబడును. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున పంతులుగారు తొలి వితంతువివాహమును జరిపించినపుడు వంటకు, నీళ్లకు మనుష్యులు రారైరి. ఇల్లాలైన రాజ్యలక్ష్మమ్మగారే గోదావరి నుండి నీరు తెచ్చి వంట చేయవలసి వచ్చెను. ఒక మాటను పలుకుటకును, ఆ మాటకు కట్టుబడి బ్రతుకుటకును గల దూరమెంతయో ఈ రెండు గ్రంథములను ప్రక్కప్రక్కన నుంచినగాని తెలియదు. నాటకమొక్కటియే చదివినవాడు ఆచారమునకు నవ్వి ఊరకుండును. స్వీయచరిత్రమొక్కటియే చదివినవాడు పంతులుగారికి నమస్కరించి ఊరకుండును. రెండును చదివినవాడు తన యింటివంక చూచుకొనును.

నాల్గవది సురవరం ప్రతాపరెడ్డిగారి ఆంధ్రుల సాంఘిక చరిత్ర. 1949లో వెలువడిన ఈ గ్రంథమునకు, రచయిత 1953లో గతించిన పిమ్మట, 1955లో కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమానము లభించెను. తెలుగున ఆ బహుమానము పొందిన మొదటి గ్రంథమిదియే. ఇందు రాజుల యుద్ధములకంటె ప్రజల తిండి, బట్ట, ఆటలు, వర్తకము, నమ్మకములు ముఖ్యములు. తూర్పు చాళుక్యుల కాలము మొదలుకొని జనుల బ్రతుకెట్లుండెనో తెలిసికొనుటకు ఆయన శాసనములతో తృప్తిపడక కావ్యములను, శతకములను, సామెతలను సైతము గాలించెను. దీనిని చదివిన పిదప పాఠకునకు మొదటి మూడు గ్రంథములును క్రొత్తవైనట్లు తోచెను. వీరాస్వామయ్యగారు వ్రాసిన అంగళ్ల సంగతులు, అగ్రహారపు వీథిలోని మాటలు, గోదావరి నీళ్ల బిందె, ఇవన్నియు చరిత్రయే యని వానికి తెలిసెను.

అయిదవది ఉన్నవ లక్ష్మీనారాయణగారి మాలపల్లి నవల. జాతీయోద్యమ కాలమున చెరసాలలో వ్రాయబడి, 1922లో అచ్చులోనికి వచ్చి, ప్రభుత్వపు నిషేధమునకు గురియైన గ్రంథమిది. మాసము ముగియునప్పటికి పాఠకుడు దీనిని సగమే చదువగలిగెను. అయినను ఆ సగము చాలెను. అంతవరకు చదివిన గ్రంథములలో ఊరి నడుమ నుండినవారే ఎక్కువగా మాటలాడిరి. ఇందులో ఊరి వెలుపలి రామదాసు కుటుంబము కథకు నడుమ నిలిచెను.

ఆ మాసము చివర ఒక సంగతి జరిగెను. పాఠకుడు గ్రంథాలయపు అరుగుపై కాశీయాత్రలోని కొన్ని పుటలు పైకి చదువుచుండగా, అక్షరము నేర్వని వృద్ధుడొకడు, ఏండ్ల తరబడి బరువులు మోసి బ్రతికినవాడు, స్తంభము ప్రక్కన కూర్చుండి వినెను. పల్లకి మాట వచ్చినపుడు అతడు మెల్లగా, “ఆ మోసినవాళ్లు కూడా గంగలో మునిగారా, బాబూ?” అని అడిగెను. పాఠకునకు వెంటనే సమాధానము తోచలేదు. తాను మొదటిసారి చదివినపుడు ఆ ప్రశ్న తన కేల తట్టలేదని ఆలోచించెను. బోయీల భుజములు నడచినవి. వ్రాసిన చేయి పల్లకిలోనిది. ఇది వీరాస్వామయ్యగారి దోషము కాదు. ఆయన వ్రాయకున్నచో ఈ ప్రశ్న అడుగుటకైనను ఆధారముండెడిది కాదు. పాఠకుడు మాలపల్లిని ప్రక్కనుంచి, ఆ ప్రశ్నతో కాశీయాత్రను మొదటినుండి మరల చదువనారంభించెను.

సభాసదులారా! ఒక మాసపు చదువునకు ఫలమిదియే. గ్రంథములైదా పదియా అనునది ముఖ్యము కాదు. ఒక గ్రంథము వేరొక గ్రంథమును ప్రశ్నింపవలెను. ఆ ప్రశ్న పాఠకుని మరల బీరువా యొద్దకు పంపవలెను. ఒకే తెగ గ్రంథములు చదివిన యెడల ఈ ప్రశ్న పుట్టదు. చందాదారులు ఒకే తెగను కోరిన యెడల గ్రంథాలయము దానినే కొనును. తక్కిన బీరువాలు చెదలపాలగును. కావున గ్రంథాలయము యొక్క భవిష్యత్తు దాని నిధిలో ఎంత కలదో, పాఠకుని కోరికలో అంత కలదు.

చదువురాని వృద్ధుడు అడిగిన ప్రశ్నయే ఆ మాసమున ఉత్తమమైన ప్రశ్న యని మరువరాదు. 1935లో కృష్ణా కాలువపై కొల్లిపర, పెదవడ్లపూడి గ్రామముల మధ్య పడవలో గ్రంథములను త్రిప్పిన కార్యకర్తలు, గ్రంథాలయమునకు రాలేని వారియొద్దకు గ్రంథాలయమే పోవలెనని చూపిరి. కన్నులతో చదువలేని వారియొద్దకు గ్రంథము కంఠస్వరముతో పోవలెను. వారమునకొక సాయంకాలము ఈ అరుగుపై ఒకరు పైకి చదివి పదుగురు వినినచో అది జరుగును. దానికి వ్యయము లేదు. ఓపిక యొక్కటియే కావలెను. విన్నవారి ప్రశ్నలను ఒక చిట్టాలో వ్రాసి యుంచి, మరుసటి ఏడు కొనవలసిన గ్రంథములను ఆ చిట్టా చూచి నిర్ణయించుట మేలు.

ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొను నాటికి ఇచ్చటి బీరువాలో, బరువు మోసినవారు తమ చేతితో తామే వ్రాసికొనిన గ్రంథమొకటి యైనను ఈ గ్రామమున పుట్టినది యుండుగాక! శుభమస్తు.