పదం ఒక దారి, వరస ఒక దారి



జానపద గేయ సేకరణ మీద మన పుత్తూరులో జరిగే ఈ సభకు నన్ను అధ్యక్షుడిగా కూర్చోబెట్టారు. ఈ పని చేసిన మహనీయులను వరసగా తలచుకొని దండం పెట్టి దిగిపోతే ఎవరికీ ఇబ్బంది ఉండదు. దండం పెడతాను, దాంతోపాటు ఒక ఫిర్యాదు కూడా చేస్తాను. మన జానపద గేయ సంపుటాల్లో ఏదైనా తెరిచి చూడండి. ముందు పీఠిక, తర్వాత పాట, కింద మాండలిక పదాలకు అర్థాలు. ఆ పాట ఏ వరసలో పాడాలో ఉండదు. ఎవరు పాడారో చాలాచోట్ల ఉండదు. నాట్లు వేస్తూ పాడిందా, వడ్లు దంచుతూ పాడిందా అన్నది ఒక్కోసారి శీర్షికను బట్టి మనమే ఊహించుకోవాలి.

ఇదెందుకు ఇట్లా జరిగిందో తేల్చాలంటే ఐర్లండు దాకా ఒకసారి పోయి రావాలి.

1792 జూలైలో బెల్‌ఫాస్ట్ పట్టణంలో హార్ప్ వాద్యకారులను పిలిచి ఒక ఉత్సవం చేశారు. ఆ తంత్రీవాద్యం అప్పటికే కొడిగట్టిపోతోంది. వచ్చింది పట్టుమని పదిమంది, వేల్స్ నుంచి ఇంకొకరు. వాళ్లలో తొంభై ఏళ్లు దాటిన అంధుడు డెనిస్ హెంప్సన్ ఒక్కడే పూర్వపు పద్ధతిలో గోళ్లతో తీగలు మీటేవాడు. వాళ్లు వాయించింది వాయించినట్టు రాసుకోమని ఎడ్వర్డ్ బంటింగ్ అనే పంతొమ్మిదేళ్ల ఆర్గన్ వాద్యకారుణ్ణి నియమించారు. ఆ నాలుగు రోజుల పని అతనికి జన్మంతా పట్టుకుంది. ఊళ్లు తిరిగాడు, 1796లో, 1809లో, 1840లో మూడు సంపుటాలు వేశాడు. పాటలకు మాటలు కూడా కావాలని 1802లో ప్యాట్రిక్ లించ్ అనే ఐరిష్ భాషా పండితుణ్ణి కానాక్ట్ ప్రాంతానికి పంపారు. లించ్ ఊరూరూ తిరిగి పాటల సాహిత్యం రాసుకొచ్చాడు. అచ్చులోకి మాత్రం అది ఎక్కలేదు. బంటింగ్ స్వరాలను పియానోకు కుదిరేట్టు సర్ది, కొనేవాళ్ల అభిరుచికి సరిపోయేట్టు వేసుకున్నాడు. ఐరిష్ మాటలు కాగితాల కట్టల్లో పడి ఉండిపోయాయి. 1927 నుంచి డోనల్ ఓసలివన్ అనే పండితుడు పూనుకొని జానపద గీతాల పత్రికలో ఆ మాటలనూ ఆ స్వరాలనూ మళ్లీ ఒకచోటికి చేర్చాడు. నూటపాతికేళ్ల ఎడబాటు అది.

వాళ్లు వరస ఉంచుకొని పదం వదిలేశారు. మనం పదం ఉంచుకొని వరస వదిలేశాం. వాళ్ల సేకర్తలు వాద్యకారులు, మన సేకర్తలు భాషాపండితులు. పాటలో ఎవరికి ఏది కనిపించిందో అదే మిగిలింది.

మన కథ కూడా దొరలతోనే మొదలు. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ కావ్యాలతోపాటు బొబ్బిలి కథ లాంటి జనం పాటలనూ రాయించి పెట్టుకున్నాడు. 1871లో చార్లెస్ గోవర్ దక్షిణదేశపు జానపద గీతాల మీద ఇంగ్లీషులో వేసిన పుస్తకంలో తెలుగుకూ ఒక భాగం ఇచ్చాడు. 1874లో బాయిల్ తెలుగు వీరగాథల మీద ఇండియన్ యాంటిక్వరీలో వ్యాసం రాశాడు. వీళ్ల గురించి ఇంతకంటే చెప్పను. ప్రతి సభలోనూ చెప్పుకుంటూనే ఉన్నాం.

నేను ఎక్కువసేపు నిలబడాలనుకునేది నేదునూరి గంగాధరం గారి దగ్గర. గోదావరి ఒడ్డున పుట్టిన ఆ మనిషి పాటలు, సామెతలు, వ్రతకథలు, మేలుకొలుపులు వేలకొద్దీ పోగుచేశారు. 'సెలయేరు', 'మిన్నేరు', 'మున్నీరు' అని ఆ సంపుటాలకు పెట్టిన పేర్లలోనే నీళ్లు పారుతుంటాయి. వెనక విశ్వవిద్యాలయం లేదు, నిధులు లేవు. ఇవాళ జానపదంలో ఏ పట్టా పుచ్చుకున్నవాడైనా ఆయన పుస్తకం తిరగేయకుండా ముందుకు పోలేడు. ఇంత చెప్పాక కూడా అడగక తప్పదు: ఆ పాటలు పాడిన ఆడవాళ్లు ఎవరు? వాళ్ల ఊరేది, పనేది, కులమేది? పుస్తకాలు ఎక్కువగా మౌనం వహిస్తాయి. అది ఆయన లోపం అనను. పాట జాతి సొత్తు, పాడే మనిషి కేవలం వాహిక అని ఆ తరం నమ్మింది. ఆ నమ్మకంతో నాకు పేచీ.

'కృష్ణశ్రీ' పేరుతో శ్రీపాద గోపాలకృష్ణమూర్తి గారు స్త్రీల రామాయణపు పాటలను ఆంధ్ర సారస్వత పరిషత్తు ద్వారా వెలువరించారు. ఊర్మిళాదేవి నిద్ర, లక్ష్మణదేవర నవ్వు, కుశలవుల యుద్ధం అందులో చేరాయి. ఆ పాటలను ముందు పెట్టుకొని వెల్చేరు నారాయణరావు గారు 1991లో ఒక వ్యాసం రాశారు. బ్రాహ్మణ స్త్రీలు పాడుకునే రామాయణం వేరు, పొలం పనికి పోయే స్త్రీలు పాడుకునే రామాయణం వేరు అని అందులో విడదీసి చూపించారు. మొదటిది ఇంటి లోపలి పోరు ఎరిగిన రామాయణం. రెండో దానిలో చూపు వేరే చోట నిలుస్తుంది. పాడింది ఎవరో తెలిస్తేనే ఇంత దూరం ఆలోచించడం కుదిరింది. తెలియకపోతే రెండూ కలిపి 'స్త్రీల పాటలు' అనే ఒక్క మూటలో కట్టేసేవాళ్లం.

బిరుదురాజు రామరాజు గారి 'తెలుగు జానపద గేయ సాహిత్యము' 1958లో అచ్చయ్యాక విశ్వవిద్యాలయాల తలుపులు తెరుచుకున్నాయి. నాయని కృష్ణకుమారి గారు గేయగాథల మీద, తంగిరాల వెంకటసుబ్బారావు గారు వీరగాథల మీద, కాటమరాజు కథల మీద చేసిన కృషి ఆ బాటలో వచ్చిందే. వరసను పట్టుకున్నవాళ్లు లేకపోలేదు. వింజమూరి అనసూయాదేవి హార్మోనియం చేతబట్టి, విన్న పాటలకు స్వరం రాసి పుస్తకాలు వేశారు. ఆవిడా, ఆవిడ చెల్లెలూ గొంతు కలిపి పాడితే రేడియో ద్వారా ఆ వరసలు ఇంటింటికీ చేరాయి. పండిత లోకం ఆవిడను గాయనిగా గౌరవించింది, సేకర్తల జాబితా రాసేటప్పుడు మాత్రం చివర్లో తలచుకుంది. నాకది న్యాయంగా తోచదు.

మాటలు నిలిచి వరస పోతే ఏమవుతుందో తిరుపతి వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. అన్నమయ్య 32,000 సంకీర్తనలు పాడాడని ప్రతీతి. రాగిరేకుల మీద మనకు దక్కినవి 12,000 పైచిలుకు. ప్రతి పాట మీదా రాగం పేరు చెక్కి ఉంది, స్వరం లేదు. రాగి తుప్పు పట్టకుండా కాపాడింది అక్షరాన్నే. వేటూరి ప్రభాకరశాస్త్రి గారు తిరుపతి ప్రాచ్య పరిశోధన సంస్థలో ఆ అక్షరాలను పరిష్కరించారు, ఆయన తర్వాత రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు వందకు పైగా పాటలకు కొత్తగా స్వరం కట్టారు. అవి బాగున్నాయి. అయినా అవి రాళ్లపల్లి వారివే. అన్నమయ్య నోట పలికిన వరస ఏదో ఇక తెలిసే దారి లేదు. ఇంకో సంగతి కూడా ఉంది. సువ్వి, లాలి, గొబ్బి, ఏల, జాజర అంటూ ఊళ్లో ఆడా మగా పాడుకునే మట్లన్నీ ఆయన తన పాటల్లోకి ఎత్తుకున్నాడు. నా లెక్కలో మన సీమకు తొలి సేకర్త ఆయనే. పదిహేనో శతాబ్దంలో ఈ పక్క దంపుళ్ల పాట ఉండేదన్న సాక్ష్యం వెంకన్న గుళ్లో దొరకడం చిత్రమే కదా.

ఇక మన ఊరికి వద్దాం. తెలుగు సేకరణ పటం ఒకటి గీసి చూస్తే గోదావరి చిక్కగా ఉంటుంది, తెలంగాణ చిక్కగా ఉంటుంది. సేకర్త ఇంటి చుట్టుపక్కలే పాటలు ఎక్కువ దొరుకుతాయి మరి. రాయలసీమలో కలిమిశెట్టి మునెయ్య 'రాయలసీమ రాగాలు' లాంటి కృషి ఉన్నా, దక్షిణాన కార్వేటినగరం, పుత్తూరు, నగరి, నారాయణవనం దగ్గరికి వచ్చేసరికి పటం పలచబడుతుంది. దీనికి కారణం మన గొంతులోనే ఉంది. మన పాట సగం తెలుగు, సగం తమిళం. ఆడికృత్తికకు కావడి ఎత్తుకొని తిరుత్తణికి నడిచేవాళ్లు ఒక చరణం ఈ భాషలో, ఒక చరణం ఆ భాషలో పాడుకుంటూ పోతారు. తెలుగు సేకర్తకు అది కల్తీ తెలుగు. నా. వానమామలై లాంటి తమిళ సేకర్తల చూపు తిరునెల్వేలి వైపు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి, పళ్లిపట్టు మద్రాసు రాష్ట్రంలోకి పోయాక మనం ఇద్దరికీ పొలిమేర అయ్యాం. కార్వేటినగరం ఆస్థానంలో సారంగపాణి పదాలు రాసిన రోజుల్లో ఈ వీధి భాషను ఎవరూ కల్తీ అనలేదు. రాజుగారే విని మెచ్చారు.

మన ద్రౌపదీ ధర్మరాజుల తిరునాళ్లనే తీసుకోండి. భారతం మిట్ట మీద పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అర్జునుడి తపస్సు రోజు వేషగాడు తపస్సు మాను ఎక్కుతాడు. ఒక్కో మెట్టుకూ ఒక్కో పాట. కింద బిడ్డలు కావాలని మొక్కుకున్న ఆడవాళ్లు తడిగుడ్డలతో సాష్టాంగపడి ఉంటారు. పైనుంచి నిమ్మకాయ, విభూతి పడేదాకా లేవరు. ఆ పాట ఎంత సాగాలన్నది కవి నిర్ణయం కాదు. మాను ఎత్తు, వేషగాడి ఊపిరి, కింద ఉన్న జనం లెక్క తేలుస్తాయి. దీన్ని నాలుగు చరణాలుగా రాసుకొచ్చి అచ్చు వేస్తే ఏం దక్కినట్టు? తిరుపతి గంగజాతరలో బండవేషం వేసుకొని తిట్టే బూతులూ అంతే. అది మొక్కులో భాగం. మన సంపుటాల్లో సరసం దాకా అనుమతి ఉంది, బూతు గడప దాటలేదు. ఆ జాతరను పేట శ్రీనివాసులురెడ్డి తెలుగులోను, జాయిస్ ఫ్లూకిగర్ ఇంగ్లీషులోను ఓపికగా పరిశీలించారు. పంబ వాయిస్తూ అమ్మవారి కథ చెప్పే పంబలవాళ్ల పాట మొదటి నుంచి చివరి దాకా, ఆ వాయింపుతో సహా, భద్రం చేసే పని ఇంకా మన ముందుంది.

ఎట్లా చేయాలంటే నాకు రెండు నమూనాలు కనిపిస్తున్నాయి. ఐర్లండులోనే షేమస్ ఎన్నిస్ అనే వాద్యకారుణ్ణి జానపద విజ్ఞాన సంఘం 1942లో పాటలు సేకరించమని పంపింది. అతను సైకిలెక్కి పల్లెలకు పోయాడు. కానెమారాలో కోల్మ్ ఓ కీన్ అనే రైతు దగ్గర చేరి, గడ్డి కోసి, పడవ పనిలో సాయపడి, ఆ ఒక్క మనిషి దగ్గరే రెండు వందలకు పైగా పాటలు రాసుకున్నాడు. నాట్లపాటను కుర్చీ వేసి కూర్చోబెట్టి చెప్పమంటే సగం రాదని మనకూ తెలుసు. నడుము వంగితే తప్ప ఆ పాట గుర్తుకు రాదు. రెండో నమూనా మన పల్నాడుది. జీన్ రోగేర్ 1970లలో కారెంపూడిలో ఉండి అలిశెట్టి గాలెయ్య పాడిన పల్నాటి వీరుల కథను రికార్డు చేసి, అనువదించి 1982లో పుస్తకం వేశాడు. గాలెయ్య ఎవరు, ఎప్పుడు, ఎవరి ముందు పాడతాడు అన్నది అందులో కథంత శ్రద్ధగా ఉంటుంది.

పనిలో పనిగా ఒక పోలీసాయన ముచ్చట. ఫ్రాన్సిస్ ఓనీల్ 1901 నుంచి 1905 దాకా షికాగో నగర పోలీసు అధిపతి. వలస వచ్చిన ఐరిష్‌వాళ్ల వరసలు సేకరించి 1903లో 1,850 స్వరాలతో పుస్తకం వేశాడు. ఆయనకు స్వరం రాయడం సరిగా రాదు. విన్నది నెమరువేసుకొని వినిపిస్తే, జేమ్స్ ఓనీల్ అనే సహోద్యోగి కాగితం మీద పెట్టేవాడు. మన ఉద్యోగులు కొంచెం దీన్ని గమనించాలి. సేకర్తకు తెలుగు ఎం.ఏ. ఉండాలన్న నియమం ఎక్కడా లేదు. స్వరజ్ఞానం ఉన్న మిత్రుడు ఒకడు పక్కన ఉంటే చాలు.

ఈ సభ నుంచి నేను కోరేవి కొన్ని ఉన్నాయి. మనం వేయబోయే సంపుటంలో ప్రతి పాట మీదా ముందు పాడినవాళ్ల పేరు, వాళ్లు వద్దంటే తప్ప, తర్వాతే సేకర్త పేరు ఉండాలి. పాట సినిమాకో ఆల్బమ్‌కో పోతే వాళ్లకు చెప్పి, ఇవ్వాల్సింది ఇచ్చి తీసుకోవాలన్న షరతు కూడా అక్కడే అచ్చు వేయాలి. తమిళం కలిసిన చరణాన్ని కలిసినట్టే ఉంచాలి, ఏ భాష వాళ్లకోసమూ దిద్దకూడదు. తిరుత్తణి, పళ్లిపట్టు వైపు పాటగాళ్లను వచ్చే సభకు అతిథులుగా కాక సభ్యులుగా పిలవాలి.

ఇంకొకటి తొందరపనిది. హరికథలవి, భారతం రాత్రులవి, భజన గుంపులవి ఎనభైలలో, తొంభైలలో రికార్డు చేసిన క్యాసెట్లు మీ ఇళ్లల్లో అటకల మీద ఉన్నాయి. మన ఎండకు టేపు అతుక్కుపోతుంది, వానకు బూజు పడుతుంది. ఆడే టేపురికార్డరు దొరకడమే కష్టమైపోయింది. వాటిని చెత్తబండికి వేయకండి. ఇంటికి పోయి నేరుగా ఆడించి చూడకండి, టేపు తెగుతుంది. ఉన్నది ఉన్నట్టు తీసుకొచ్చి, పైన ఊరు, సంవత్సరం, పాడిన మనిషి పేరు తెలిసినంత రాసి, బయట బల్ల దగ్గర కూర్చున్న మా విద్యార్థులకు ఇవ్వండి. కంప్యూటరులోకి ఎక్కించి ఒక ప్రతి మీకే తిరిగి ఇస్తారు.

మధ్యాహ్నం కార్యక్రమంలో చిన్న మార్పు చేశాను, నిర్వాహకులు ఒప్పుకున్నారు. పత్ర సమర్పణల తర్వాత పాటగాళ్లకు అరగంట అని ఆహ్వానంలో ఉంది. ముందు పాటగాళ్లు పాడతారు, వాళ్లు చాలనుకున్నంత సేపు. మిగిలిన సమయంలో పత్రాలు చదువుకుందాం.