నవజాతశిశు పరీక్ష - తొందరపాటు తీర్పు



పొగమంచును జూచి పొగయని భ్రమించి, కొండపై నిప్పు గలదనుట తర్కశాస్త్రమున దోషము. ఆసుపత్రియందలి నవజాతశిశువులకు హెచ్.ఐ.వి. శీఘ్రపరీక్ష గావించినపుడు నిట్టి భ్రాంతియే కలుగును. ఆ పరీక్ష ముఖ్యముగా వెదకునది క్రిమిని గాదు, ప్రతిరక్షకములను. అవి తల్లి రక్తమునుండి మావి ద్వారా శిశువున కబ్బి 18 మాసములవరకు నుండవచ్చును. కావున "కలదు" అను ఫలము తల్లి స్థితిని దెలుపునే గాని బిడ్డకు వ్యాధి సోకినదని నిర్ధారింపజాలదు. క్రిమినే వెదకు పి.సి.ఆర్. పరీక్ష చేసి, సోకినదని వచ్చినచో రెండవ నమూనాతో సరిచూచినగాని నిజము తేలదు.

అంతవరకు వైద్యుడిచ్చిన నివారణౌషధమును మానరాదు. ఆ ఫలమును నలుగురిలో జాటరాదు. నిజముగా సోకినను నిది తాకినంత నంటుకొను వ్యాధి కాదు.

మన కులమున నే పసికందును నొక్క చీటిముక్క కారణముగా వెలికి గుఱికాకుండుగాక యని ప్రార్థించుచు విరమించుచున్నాము.