ఎంతసేపటికి వచ్చింది?



రొయ్యలు తింటే దద్దుర్లు వస్తాయి ఒకరికి. జుట్టుకు రంగు వేసుకుంటే మొహం వాస్తుంది ఇంకొకరికి. అన్నిటికీ ఎలర్జీ అనే అంటాం, అన్నిటికీ ఒక్క సెట్రిజిన్ మాత్రే వేసుకుంటాం. ఏం తిన్నారు, ఏం రాసుకున్నారు అని అడిగాక డాక్టర్లం తప్పకుండా అడిగే ప్రశ్న ఇంకొకటుంది. ఎంతసేపటికి వచ్చింది? 1963లో గెల్, కూంబ్స్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్తలు ఈ రియాక్షన్లను నాలుగు రకాలుగా విడదీశారు. ఏ రకమో పోల్చుకోవడానికి ఆ వ్యవధే పెద్ద ఆధారం.

రొయ్యలు తిన్న పావుగంటకే పెదాలు వాచి, ఒళ్లంతా దద్దుర్లు లేచాయంటే అది మొదటి రకం. అంతకుముందే ఎప్పుడో రొయ్యలోని ప్రొటీనును శత్రువనుకుని, రోగనిరోధక వ్యవస్థ ఐజీఈ అనే యాంటీబాడీని తయారుచేసి పెట్టుకుంది. కడుపులో పురుగుల మీద పోరాడటానికి పనికొచ్చే యాంటీబాడీ అది. చర్మంలో, గొంతులో, పేగుల్లో ఉండే మాస్ట్ కణాలను అంటిపెట్టుకుని ఉంటుంది. మళ్లీ రొయ్య తగలగానే ఆ కణాలు హిస్టమిన్ అనే రసాయనాన్ని ఒక్కసారిగా వదిలేస్తాయి. సన్నని రక్తనాళాల్లోంచి నీరు ఊరి వాపు వస్తుంది, దురద పుడుతుంది. బాగా ఉడికిస్తే ఫరవాలేదా అని అడుగుతుంటారు. లాభం లేదండీ, ట్రోపోమయోసిన్ అనే ఆ ప్రొటీను వేడికి చెడదు.

ఒట్టి దద్దుర్లయితే హిస్టమిన్‌ను అడ్డుకునే సెట్రిజిన్ సరిపోతుంది. గొంతు బొంగురుపోయినా, ఆయాసం వచ్చినా, కళ్లు తిరిగినా మాత్ర వేసి చూద్దాంలే అని కూర్చోకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. మనిషిని నడిపించకండి, పడుకోబెట్టండి. ఊపిరాడకపోతే మాత్రం కూర్చోబెట్టండి. అప్పుడు ప్రాణం నిలబెట్టేది తొడ కండరానికి ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్.

ఇక జుట్టు రంగు సంగతి. 'ఏళ్ల తరబడి ఇదే రంగు వాడుతున్నాను డాక్టరుగారూ, ఇప్పుడెందుకు పడలేదు?' అంటారు. అన్నేళ్లూ వాడారు కాబట్టే! వాడగా వాడగా ఏదో ఒకనాటికి మన రోగనిరోధక వ్యవస్థలోని టీ కణాలు ఆ రంగులోని రసాయనాన్ని గుర్తుపెట్టుకుంటాయి. ఆ తర్వాత రంగు తగిలితే, ఆ కణాలు కూడి చర్మంలోకి రావడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఆదివారం రంగు వేసుకుంటే మంగళవారం కనురెప్పలు వాస్తాయి, చెవుల వెనక రసి కారుతుంది. ఇది నాలుగో రకం. గిల్టు నగల్లోని నికెల్‌కు చెవితమ్మె పుండు పడటం, పొలంలో వయ్యారిభామ కలుపు పీకిన రైతుకు మెడ, మోచేతి మడతలు చిట్లడం కూడా ఇదే. ఇక్కడ ప్రధానంగా పనిచేసేది హిస్టమిన్ కాదు కనుక సెట్రిజిన్‌తో పెద్దగా గుణం కనిపించదు. ఆ వస్తువును మానాలి, డాక్టరు రాసిన పూతమందు వాడాలి. మందులషాపులో ఏదో ట్యూబు కొని మొహానికి రాసుకోవద్దని చేతులెత్తి వేడుకుంటున్నాను.

రెండో రకం అరుదు. కొన్ని మందులు ఎర్ర రక్తకణాలకు అంటుకున్నప్పుడు యాంటీబాడీలు ఆ కణాలనే పగలగొడతాయి. కొత్త మందు మొదలుపెట్టాక కళ్లు పచ్చబడి, మూత్రం ముదురు రంగుకు తిరిగితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి.

మూడో రకాన్ని పల్లెల్లో ఉన్నవాళ్లు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. పాముకాటుకిచ్చే విరుగుడు మందును గుర్రాల రక్తం నుంచి తయారుచేస్తారు. కాటు పడ్డప్పుడు ప్రాణం కాపాడే మందు అదే, భయపడి వద్దనకండి. అయితే కొందరిలో వారం పది రోజులకు ఆ గుర్రపు ప్రొటీన్లూ మన యాంటీబాడీలూ ముద్దకట్టి సన్నని రక్తనాళాల్లో, కీళ్లలో పేరుకుంటాయి. జ్వరం, దద్దుర్లు, కీళ్లనొప్పులు వస్తాయి. పాముకాటు సంగతి అప్పటికి మరిచిపోయి, వైరల్ జ్వరమనుకుని వేరే డాక్టరు దగ్గరికి వెళ్తారు. ఆయనకు విరుగుడు మందు తీసుకున్నామని చెప్పండి, డిశ్చార్జి కాగితం చూపించండి. కొద్ది రోజుల స్టెరాయిడ్ మాత్రలతో చాలామందికి తగ్గిపోతుంది.